పురుషుల స్ఖలన సమస్యలు – వైద్యసహాయాన్వేషణ చరిత్ర: బీదరు, జహీరాబాద్, హైదరాబాద్ ప్రాంతాల నేపథ్యం

వ్యాససంగ్రహం

వయోజన పురుషుల స్ఖలన సమస్యలకు ఆయుర్వేదం, యునాని, ఆధునిక వైద్యం మూడూ పేర్లు పెట్టాయి, కారణాలు చెప్పాయి, చికిత్సలు సూచించాయి. అయినా ఈ సమస్య ఉన్న పురుషుడు వైద్యుని ఎదుట కూర్చుని దాన్ని మాటల్లో చెప్పగలిగే చోటు అరుదుగానే ఏర్పడింది. బీదరుకూ హైదరాబాద్‌కూ నడుమ, తెలుగు, ఉర్దూ, కన్నడ, మరాఠీ భాషలు కలిసే జహీరాబాద్ ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని ఈ వ్యాసం ఆ అన్వేషణ చరిత్రను పరిశీలిస్తుంది. వేర్వేరు కారణాలున్న సమస్యలు ‘బలహీనత’ అనే ఒక్క మాటలో కలిసిపోవడమే వైద్యం దారి తప్పడానికి ముఖ్యకారణమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: స్ఖలన సమస్యలు, శుక్రగత వాతం, జిర్యాన్, ధాతునష్టం, నరాల బలహీనత, 1954 చట్టం, జహీరాబాద్, హైదరాబాద్ సంస్థానం.

1. ఉపోద్ఘాతం

జహీరాబాద్ సంగారెడ్డి జిల్లాకు పడమటి అంచున, కర్ణాటక సరిహద్దుకు దగ్గరగా ఉన్న పట్టణం. మచిలీపట్నం నుంచి హైదరాబాద్ మీదుగా పుణె వైపు సాగే 65వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి గుండా పోతుంది. ఇక్కడినుంచి హైదరాబాద్ సుమారు 100 కిలోమీటర్లు. బీదరు అందులో మూడో వంతు దూరం మాత్రమే. హైదరాబాద్ సంస్థానంలో జహీరాబాద్ తాలూకా బీదరు జిల్లాలో భాగంగా ఉండేది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు ఆ తాలూకాలో అధికభాగం, నారాయణఖేడ్ తాలూకాతోపాటు ఆంధ్రప్రదేశ్‌లో చేరి మెదక్ జిల్లాలో కలిసింది. 2016 అక్టోబరు 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడింది. ఈ ప్రాంతంలో ఇంట్లో తెలుగు మాట్లాడి, బజారులో దక్కనీ ఉర్దూ మాట్లాడి, వారపు సంతలో కన్నడం వినడం మామూలు విషయం. రోగి తన బాధను ఏ భాషలో చెప్పుకొంటాడు, వైద్యుడు దాన్ని ఏ భాషలో వింటాడు అన్న ప్రశ్నకు ఇంతకన్న తగిన నేపథ్యం అరుదు.

స్ఖలన సమస్య అన్నది ఒకే సమస్య కాదు. కోరుకున్నదానికన్న చాలా ముందుగానే స్ఖలనం కావడం ఒకటి. ఎంతసేపటికీ కాకపోవడం, లేదా చాలా ఆలస్యంగా కావడం రెండవది. అసలే కాకపోవడం మూడవది. భావప్రాప్తి కలిగినా వీర్యం వెలుపలికి రాక వెనుకకు, మూత్రాశయంలోకి పోవడం నాలుగవది. వీటి కారణాలు వేరు, చికిత్సలు వేరు, సంతానం మీద వాటి ప్రభావం కూడా వేరు. ఈ భేదాన్ని ఎవరు, ఎప్పుడు గుర్తించారు, ఎవరు చెరిపివేశారు అన్నదే ఈ చరిత్రకు కేంద్రం.

2. ఆయుర్వేద గ్రంథాలు: రెండు దిక్కుల దృష్టి

ఆయుర్వేదంలోని ఎనిమిది అంగాల్లో వాజీకరణం ఒకటి. ఈ పేరు వినగానే బలవర్ధక లేహ్యాలు మాత్రమే స్ఫురించడం తరువాతి కాలపు అలవాటు. చరకసంహిత చికిత్సాస్థానంలో రెండవ అధ్యాయం వాజీకరణానికే కేటాయించబడింది. అక్కడ ఔషధయోగాలకన్న ముందు, మనసుకు నచ్చిన, సంతోషపెట్టే భార్యయే శ్రేష్ఠమైన వాజీకరణమని చెప్పారు. భయం, దుఃఖం, పరస్పర విశ్వాసం లేకపోవడం దాంపత్యశక్తిని తగ్గిస్తాయని కూడా ఆ అధ్యాయమే చెబుతుంది. అంటే శరీరంతోపాటు మనసునూ, పురుషునితోపాటు స్త్రీనీ లెక్కలోకి తీసుకున్న దృష్టి అది.

అంతకన్న విశేషమైన పరిశీలన అదే సంహితలోని వాతవ్యాధి చికిత్సాధ్యాయంలో ఉంది. వాతం శుక్రస్థానాన్ని చేరితే శుక్రాన్ని త్వరగా విడిచిపెడుతుంది, లేదా బంధించి ఉంచుతుంది అని ‘శుక్రగత వాతం’ లక్షణాలను వర్ణించారు. శీఘ్రస్ఖలనం, స్ఖలనావరోధం అనే పరస్పర విరుద్ధమైన రెండు స్థితులను ఒకే చోట, ఒకే నియంత్రణ వ్యవస్థలోని లోపాలుగా చూసిన వాక్యం అది. అదే గ్రంథంలో సూత్రస్థానం ఏడవ అధ్యాయం ఆపకూడని పదమూడు సహజవేగాలను చెబుతూ శుక్రవేగాన్ని కూడా చేర్చింది. దాన్ని బలవంతంగా ఆపితే జననాంగాల్లో నొప్పి, ఒళ్లునొప్పులు, మూత్రం బిగుసుకోవడం కలుగుతాయని హెచ్చరించింది. స్ఖలనాన్ని వీలైనంత వాయిదా వేయడమే పురుషత్వమన్న తరువాతి కాలపు ఆదర్శానికి ఈ మాట భిన్నమైనది.

అయితే అదే సంప్రదాయంలో మరో భావన కూడా ఉంది. ఆహారరసం క్రమంగా రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జలుగా పరిణమించి చివరికి శుక్రమవుతుందనీ, ఈ పరిణామానికి సుమారు నెల పడుతుందనీ సుశ్రుతసంహిత సూత్రస్థానం చెప్పింది. ఏడు ధాతువుల్లో చివరిది, సారభూతమైనది శుక్రం అన్న ఈ సిద్ధాంతం వైద్యగ్రంథంలో శరీరపోషణ వివరణగా మొదలైంది. జనసామాన్యంలోకి దిగివచ్చేసరికి అది ఒక లెక్కాచారంగా మారింది: ఇన్ని చుక్కల రక్తం కలిస్తే ఒక చుక్క వీర్యం, అది పోతే ఒంట్లో సత్తువ పోయినట్లే. శుక్రగత వాతంలో ఉన్న ‘ఎప్పుడు విడుదలవుతోంది’ అన్న ప్రశ్న మరుగున పడి, ‘ఎంత పోతోంది’ అన్న ప్రశ్న మిగిలింది. తెలుగు పురుషుడు వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లిన మాట చాలాకాలం ఈ రెండవ ప్రశ్నే.

3. దక్కనులో యునాని: పక్కపక్కన రెండు వైద్యాలు

జహీరాబాద్‌కు ఏ గొప్ప వైద్యశాలకన్నా ముందు దగ్గరగా ఉన్నది బీదరు. బహమనీ సుల్తాను రెండవ అలాఉద్దీన్ అహ్మద్ షా (1436–1458) అక్కడ ఆసుపత్రి కట్టించి, ఖర్చులకు గ్రామాలను రాసిచ్చి, హిందూ వైద్యులనూ ముస్లిం హకీములనూ నియమించాడని చరిత్రకారుడు ఫిరిష్తా రాశాడు. ఆ ఫిరిష్తాయే తరువాత బీజాపూరులో ఉంటూ, భారతీయ వైద్యవిషయాలను పారశీక భాషలో ‘దస్తూర్-ఉల్-అతిబ్బా’గా రచించాడు. 1595లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా హైదరాబాద్‌లో దారుల్‌షిఫాను నిర్మించాడు. దక్కనులో వైద్యుడూ హకీమూ ఒకరి మందు గురించి మరొకరు తెలుసుకొంటూ పక్కపక్కన పనిచేసిన సంప్రదాయం ఇంత పాతది.

యునాని వైద్యం ఈ సమస్యలకు సూక్ష్మమైన పదజాలాన్ని తెచ్చింది. శీఘ్రస్ఖలనం ‘సుర్‌అత్-ఎ-ఇంజాల్’. కోరిక లేకుండానే వీర్యం స్రవించడం ‘జిర్యాన్’. నిద్రలో అధికంగా స్ఖలనం కావడం ‘కస్రత్-ఎ-ఎహ్తెలామ్’. కామశక్తి తగ్గడం ‘జోఫ్-ఎ-బాహ్’. కారణాలను కూడా వేరుచేశారు: వీర్యం పలచబడటం ఒకటి, స్పర్శజ్ఞానం మితిమీరి ఉండటం మరొకటి. స్పర్శ అధికమైతే తొందరగా స్ఖలనమవుతుందన్న ఈ రెండవ ఆలోచన ఆసక్తికరం. నేటి వైద్యులు అంగాగ్రానికి స్పర్శను కొంత మందగింపజేసే లేపనాలను వాడటం వెనుక ఉన్న తర్కం దానికి దూరమేమీ కాదు.

స్ఖలనాన్ని నిలిపి ఉంచే ‘ముమ్‌సిక్’ మందులు కొన్నింటిలో నల్లమందు కలిసేది. నల్లమందు నిజంగానే స్ఖలనాన్ని ఆలస్యం చేస్తుంది. కానీ అలవాటైన మనిషి దాన్ని మానుకోగానే స్ఖలనం మునుపటికన్న తొందరపడుతుంది. దాంతో మందు మానలేని స్థితి వస్తుంది. ఫలితం ఇచ్చే మందే రోగిని కట్టిపడేసిన ఈ వృత్తాంతం ముగిసిపోలేదు. నొప్పి తగ్గించే ట్రమడాల్ మాత్రలను వైద్యుని సలహా లేకుండా ఇదే పనికి వాడటంలో అదే ప్రమాదం నేటికీ ఉంది.

హైదరాబాద్ సంస్థానంలో యునాని రాజాదరణ పొందిన వైద్యం. చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ కళాశాల, దాని ఆసుపత్రి ఆ ఆదరణకు సాక్ష్యాలు. మరోవైపు 1846లో మొదలైన హైదరాబాద్ వైద్యపాఠశాల పాశ్చాత్య వైద్యాన్ని తెచ్చింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించి, వైద్యవిద్యను కూడా ఆ భాషలోనే నడిపింది. 1948 తరువాత ఆ స్థానం ఇంగ్లీషుకు దక్కింది. ఈ పరిణామంలో తెలుగు రైతుకు వైద్యుని భాష మొదట ఉర్దూ, తరువాత ఇంగ్లీషు అయింది. తన భాష మాత్రం కాలేదు. ‘శీఘ్రస్ఖలనం’ అన్నది పుస్తకాల్లోని సంస్కృత సమాసం. దాన్ని నోటితో అనగలిగే పల్లెవాసి తక్కువ. దక్కనీలో ‘కమ్‌జోరీ’, తెలుగులో ‘బలహీనత’ అన్న మాటలే వైద్యశాల గడప దాటగలిగాయి.

4. భయం బలపడిన కాలం

వీర్యనష్టభయం భారతదేశానికి మాత్రమే చెందినదని చాలాకాలం భావించారు. ఐరోపా చరిత్ర ఆ అభిప్రాయాన్ని సమర్థించదు. స్విట్జర్లాండ్ వైద్యుడు తిసో 1760లో హస్తప్రయోగం మీద వెలువరించిన గ్రంథం అది సకలరోగాలకు మూలమని ప్రకటించింది. 1836–42 నడుమ ఫ్రెంచి శస్త్రవైద్యుడు లాల్మాన్ అసంకల్పిత వీర్యస్రావాన్ని ఒక ప్రత్యేకవ్యాధిగా వర్ణించి, మూత్రనాళాన్ని రసాయనంతో కాల్చే కఠోరచికిత్సను ప్రచారంలోకి తెచ్చాడు. విక్టోరియా యుగంలో ఇంగ్లండు వైద్యులు ఆ వ్యాధిని విరివిగా నిర్ధారించారు. ఆ భావనలు వలసపాలన కాలంలో పుస్తకాలు, ప్రకటనల రూపంలో ఇక్కడికి వచ్చి, అప్పటికే ఉన్న ధాతువుల లెక్కతో కలిశాయి. ఐరోపా ఆ భయాన్ని ఇరవయ్యవ శతాబ్దంలో విడిచిపెట్టింది. ఇక్కడ మాత్రం బ్రహ్మచర్య ప్రబోధాలు, దేహదారుఢ్య ప్రచారం, ఔషధవ్యాపారం దానికి ఊపిరిపోస్తూ వచ్చాయి.

మానసిక వైద్యులు ఈ భయాన్ని గుర్తించి పేరుపెట్టడానికి శతాబ్దం మధ్యకాలం వచ్చింది. రాజస్థాన్ గ్రామాల్లో పనిచేసిన కార్‌స్టెయిర్స్ 1956లో జిర్యాన్ గురించి వ్యాసం రాశాడు. 1960లో నరేంద్రనాథ్ విగ్ ‘ధాత్ సిండ్రోమ్’ అన్న పేరును ప్రతిపాదించాడు. మూత్రంతోపాటు వీర్యం పోతోందన్న నమ్మకం, దాని వెంట నీరసం, దిగులు, నిద్రలేమి, ఒళ్లునొప్పులు ఇందులో కనిపిస్తాయి. ఈ గుర్తింపు మేలు చేసింది. మందు అవసరంలేని చోట వివరణ, ఓదార్పు, అవసరమైతే దిగులుకు చికిత్స చాలునని తేలింది. దానితోపాటు ఒక చిక్కు కూడా వచ్చింది. ‘బలహీనత’ అంటూ వచ్చిన ప్రతి పురుషుడూ వట్టి భయంతోనే వచ్చాడని తీర్మానించే వైద్యుడు, నిజమైన స్ఖలనలోపంతో వచ్చినవానిని కూడా ‘ఏమీ లేదు, పో’ అని పంపివేసే వీలు ఏర్పడింది.

శరీరశాస్త్రం ఈ భయాలకు తేలికైన సమాధానాలు ఇస్తుంది. వీర్యంలో మూడింట రెండు వంతులు శుక్రకోశాల నుంచి, మిగిలినదానిలో అధికభాగం పౌరుషగ్రంథి నుంచి వచ్చే ద్రవం. శుక్రకణాల పరిమాణం బహుస్వల్పం. వెలువడిన వీర్యం మొదట గడ్డకట్టి, సాధారణంగా అరగంటలోపే దానంతట అది పలచబడుతుంది, ఇది ఆరోగ్యలక్షణం. కొంతసేపటి తరువాత చూసి ‘పలచబడిపోయింది’ అని కుంగిపోయినవాడికి ఈ ఒక్క వాక్యం చెప్పగలిగినవారు ఉంటే, అతని డబ్బూ నిద్రా రెండూ మిగిలేవి.

5. గోడమీది వైద్యం, చట్టం

తెలుగునాట ఈ సమస్యకు సంబంధించి అత్యధికులు చదివిన రచన గోడమీది రాత. రైలుపట్టాల పక్కన, బస్టాండు మూత్రశాలల్లో, సినిమాహాళ్ల వెనుక ‘నరాల బలహీనత, శీఘ్రస్ఖలనం, స్వప్నస్ఖలనం, హస్తప్రయోగ దుష్ఫలితాలు’ అన్న వరుస తరతరాలుగా కనిపిస్తూ వచ్చింది. నెలలో ఒకరోజు ఫలానా లాడ్జిలో అందుబాటులో ఉంటామని చెప్పే సంచార ‘గుప్తరోగ నిపుణులు’ పట్టణం నుంచి పట్టణానికి తిరిగారు. ఈ వరుసను గమనిస్తే వ్యాపారరహస్యం తెలుస్తుంది. అందులో నిజమైన సమస్యలూ ఉన్నాయి, వయసుతో సహజంగా వచ్చే స్వప్నస్ఖలనమూ ఉంది. రోగమున్నవాడినీ లేనివాడినీ ఒకే పట్టికలో కూర్చి, అందరికీ ‘నరాల బలహీనత’ అన్న ఒకే కారణం, ఒకే మందు చూపడం దాని పద్ధతి. స్ఖలనం ఆలస్యమయ్యే లేదా అసలే కాని పురుషుడు మాత్రం ఆ పట్టికలో లేడు. చరకుని వాక్యంలో కనిపించిన రెండవ దిక్కు గోడమీదికి ఎక్కలేదు.

దీన్ని అరికట్టడానికి కేంద్రప్రభుత్వం 1954లో మందులు, మాంత్రిక చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టాన్ని తెచ్చింది. కామసుఖసామర్థ్యాన్ని నిలపడానికి గాని, పెంచడానికి గాని మందు వాడమని ప్రకటించడాన్ని ఆ చట్టంలోని 3వ విభాగం నిషేధించింది. యునాని సంస్థ హమ్‌దర్ద్ దవాఖానా దీన్ని సవాలు చేసింది. 1959 డిసెంబరు 18న సుప్రీంకోర్టు తీర్పునిస్తూ, చట్టంలోని కొన్ని భాగాలను కొట్టివేసినా, ఇటువంటి ప్రకటనలను నియంత్రించే అధికారాన్ని సమర్థించింది. ఔషధ నిబంధనలకు చేర్చిన ‘జె’ షెడ్యూలు కూడా శీఘ్రస్ఖలనాన్ని నయం చేస్తామని చెప్పుకోకూడని స్థితుల జాబితాలో చేర్చింది.

చట్టం ఉద్దేశం మంచిదే. అయితే అది నోరు మూయించింది ప్రకటనకర్తను మాత్రమే. ఆ ప్రకటన చదివి ఆశపడిన పురుషుడు మరెక్కడికి వెళ్లాలో చెప్పడం దాని పరిధిలో లేదు. ఆ రెండవ పని ఆసుపత్రులు చేయవలసినది.

6. ప్రభుత్వాసుపత్రిలో పురుషుని చోటు

1925లో మూసీ ఒడ్డున వెలసిన ఉస్మానియా ఆసుపత్రి మొదలు నేటి జహీరాబాద్ ఏరియా ఆసుపత్రి వరకు, గర్భిణికి ప్రత్యేక విభాగం ఉంది, శిశువుకు ఉంది. స్ఖలన సమస్యతో వచ్చిన పురుషునికి పెద్ద ఆసుపత్రుల్లో సాధారణంగా చూపిన తలుపు ‘చర్మ, సుఖవ్యాధుల విభాగం’. ఆ బోర్డు కింద నిలబడటమే ఒక అభియోగం. భార్యతో తప్ప మరెవరితోనూ సంబంధంలేని మనిషి, అంటురోగం తెచ్చుకొన్నవాడిగా ఊరివాళ్ల కంట పడతానని భయపడి వెనుదిరగడం సహజం.

ప్రభుత్వ ఆరోగ్యవ్యవస్థ పురుషుని జననాంగాల గురించి పట్టుదలగా మాట్లాడిన సందర్భం కుటుంబనియంత్రణ. అత్యవసర పరిస్థితి కాలంలో, 1976–77 ఒక్క సంవత్సరంలోనే దేశంలో 80 లక్షలకు పైగా సంతాననిరోధ శస్త్రచికిత్సలు జరిగాయి. వాటిలో అధికభాగం పురుషులకే. బలవంతం, లక్ష్యాల వేట ఆ కార్యక్రమం మీద చెరగని మచ్చ వేశాయి. వేసక్టమీ వల్ల శుక్రకణాల దారి మాత్రమే మూసుకుంటుంది. స్ఖలనం, వీర్యం పరిమాణం, సుఖానుభూతి దాదాపు యథాతథంగా ఉంటాయి. ఈ సంగతిని ఓపికగా చెప్పవలసిన చోట సంఖ్యలు నింపడమే పనైంది. ‘ఆపరేషన్ చేయించుకుంటే మగతనం పోతుంది’ అన్న భయం ఆ నిశ్శబ్దంలో పెరిగింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో స్త్రీల శస్త్రచికిత్స మీద ఆధారపడినవారు 37.9 శాతం కాగా, పురుషుల శస్త్రచికిత్స మీద ఆధారపడినవారు 0.3 శాతం. వీర్యం గురించిన భయానికి మూల్యం ఎవరి శరీరం చెల్లించిందో ఈ రెండు అంకెలు చూపుతాయి.

2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్లవారికి లైంగిక ఆరోగ్య సలహాకు చోటు కల్పించింది. ఇరవయ్యేళ్లు దాటి, పెళ్లయి, సమస్య నిజంగా ఎదురైన వయసులో అటువంటి చోటు లేదు.

7. ఉత్తరాల వైద్యశాల

ఆసుపత్రి ఇవ్వని గోప్యతను పత్రికలు ఇచ్చాయి. బొంబాయిలో ర.ధొ. కర్వే 1927 నుంచి 1953 వరకు ‘సమాజస్వాస్థ్య’ అనే మరాఠీ పత్రికను, కోర్టుకేసులను ఎదుర్కొంటూ నడిపాడు. అదే నగరంలో ఎ.పి. పిళ్లై 1934లో ‘మ్యారేజ్ హైజీన్’ పత్రికను స్థాపించాడు. తరువాతి కాలంలో కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ప్రకాశ్ కొఠారి లైంగిక వైద్యవిభాగాన్ని నడిపి, ఈ సమస్యలకు బోధనాసుపత్రిలోనే చోటుండాలని ఆచరణలో చూపాడు.

తెలుగులో ఈ పనిని విస్తృతంగా చేసినవారు విజయవాడకు చెందిన డాక్టర్ జి. సమరం. నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడైన ఆయన ‘స్వాతి’ సపరివార పత్రికలో దశాబ్దాలపాటు పాఠకుల లైంగిక సందేహాలకు సమాధానాలిచ్చారు, పుస్తకాలూ రాశారు. హస్తప్రయోగం వల్ల నరాలు బలహీనపడవనీ, స్వప్నస్ఖలనం రోగం కాదనీ, తొందరగా స్ఖలనం కావడానికి చికిత్స ఉందనీ వారపత్రిక భాషలో, మందలింపు లేకుండా చెప్పడం ఆ శీర్షిక విశిష్టత. పేరు చెప్పనవసరంలేని ఉత్తరం, ఇంట్లోకి మామూలుగా వచ్చే పత్రిక – ఈ రెండూ కలిసి వైద్యశాల చేయలేని పనిని చేశాయి. ప్రశ్న అడిగిన ఒకరితోపాటు, అడగలేని వేలమంది జవాబు చదువుకొన్నారు. ఆ మేలుకు పరిమితులు కూడా ఉన్నాయి. చదువురానివారికి అది అందలేదు. ఉత్తరం నాడి చూడలేదు, మూత్రపరీక్ష చేయలేదు.

8. ఆధునిక వైద్యం అడిగే ప్రశ్నలు

గత డెబ్బయ్యేళ్లలో ఈ రంగంలో జ్ఞానం బాగా మారింది. 1956లో అమెరికా వైద్యుడు జేమ్స్ సీమన్స్, స్ఖలనం సమీపించినప్పుడు ఆగి, మళ్లీ మొదలుపెట్టే అభ్యాసాన్ని దంపతులిద్దరికీ కలిపి నేర్పే పద్ధతిని ప్రచురించాడు. 1970లో మాస్టర్స్, జాన్సన్ దాన్ని మరికొంత మార్చి విస్తరించారు. 1973లో క్లోమిప్రమిన్ అనే దిగులుమందు స్ఖలనాన్ని ఆలస్యం చేస్తుందని వెల్లడైంది. ఆ తరువాత మెదడులోని సెరొటోనిన్ పాత్ర స్పష్టమైంది. ఈ సమస్య కోసమే రూపొందిన డపోక్సిటిన్‌కు 2009లో ఐరోపాలో మొదటి అనుమతులు లభించాయి.

‘తొందర’ అంటే ఎంత అన్న ప్రశ్నకు కూడా కొలత దొరికింది. 2005లో అయిదు దేశాల్లో 500 జంటలతో వాల్డింగర్ బృందం చేసిన అధ్యయనంలో మధ్యస్థ కాలం 5.4 నిమిషాలు. 2008లో అంతర్జాతీయ లైంగిక వైద్యసంఘం, మొదటినుంచీ దాదాపు ఒక నిమిషంలోపే స్ఖలనం కావడం, దాన్ని ఆపుకోలేకపోవడం, అందువల్ల బాధ కలగడం – ఈ మూడూ ఉంటేనే జీవితకాల శీఘ్రస్ఖలనమని నిర్వచించింది. గంటలకొద్దీ సామర్థ్యం గురించిన ప్రకటనల పక్కన ఈ అంకెలను ఉంచితే, తమకు రోగముందని నమ్మినవారిలో పలువురికి రోగం లేదని తేలుతుంది.

మిగిలినవారికి వైద్యుడు అడిగే మొదటి ప్రశ్న: ఇది మొదటినుంచీ ఉన్నదా, ఈమధ్య వచ్చినదా? ఈమధ్య వచ్చిన తొందరకు థైరాయిడ్ అధికంగా పనిచేయడం, పౌరుషగ్రంథి వాపు, అంగస్తంభన తగ్గుతోందన్న ఆందోళన కారణాలు కావచ్చు. ఆలస్యానికి దిగులుకు వాడే మాత్రలు తరచు కారణం. వయసుమీరినవారికి మూత్రం సాఫీగా రావడానికిచ్చే టామ్సులోసిన్ వంటి మందులు స్ఖలనాన్ని తగ్గించవచ్చు. ఇవన్నీ వైద్యుని సలహాతో మందు మార్చుకొంటే సర్దుకొనేవి.

మధుమేహం సంగతి ప్రత్యేకమైనది. భారతదేశంలో మధుమేహులు 10 కోట్లకు పైగా ఉన్నారని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం తెలిపింది. దీర్ఘకాలం అదుపులో లేని చక్కెర, మూత్రాశయం ముఖద్వారాన్ని మూసే నరాలను దెబ్బతీస్తే, వీర్యం వెనుకకు మళ్లుతుంది. భావప్రాప్తి తరువాత మూత్రాన్ని పరీక్షిస్తే శుక్రకణాలు కనిపిస్తాయి. ఖరీదులేని పరీక్ష ఇది. ఆ మూత్రం నుంచి శుక్రకణాలను వేరుచేసి సంతానం పొందే మార్గాలు కూడా ఉన్నాయి. విచిత్రమేమంటే, ‘నరాల బలహీనత’ అన్న గోడమీది మాట అక్షరాలా వర్తించే కొద్దిమందిలో ఇతడొకడు; అతనికి కావలసినది లేహ్యం కాదు, రక్తపరీక్ష.

9. భార్య మీద పడే భారం

ఈ చరిత్ర పురుషునిదే అయినా దాని పర్యవసానం అతనితో ఆగదు. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లలు లేకపోతే ఆసుపత్రికి మొదట వెళ్లేది భార్య. ఆమెకు రక్తపరీక్షలు, స్కానింగులు, గర్భనాళాల పరీక్షలు జరుగుతాయి. సంతానలేమి ఉన్న జంటల్లో సుమారు సగంమందిలో పురుషుని వైపు కారణం కూడా ఉంటుంది. వీర్యం లోపలికి చేరడం లేదన్న సంగతి దంపతులిద్దరికీ తెలిసి, మూడవ మనిషికి చెప్పలేక, ఆమె ‘గొడ్రాలు’ అన్న మాట పడుతూ పరీక్షలకు తిరగడం ఈ మౌనం విధించే కఠినశిక్ష. ‘స్ఖలనం అవుతోందా?’ అన్న ఒక్క ప్రశ్నను భర్తను వేరుగా కూర్చోబెట్టి అడిగితే తేలే విషయమిది. స్త్రీ శరీరం మీద నెలలకొద్దీ సాగే అన్వేషణకు ముందు ఆ ప్రశ్న వేయడం కనీసన్యాయం.

10. ముగింపు

బీదరు ఆసుపత్రిలో వైద్యుడూ హకీమూ పక్కపక్కన కూర్చున్న కాలం నుంచి, 2022లో సంగారెడ్డిలో ప్రభుత్వ వైద్యకళాశాల మొదలైన కాలం వరకు ఈ ప్రాంతంలో వైద్యానికి కొరత తగ్గుతూ వచ్చింది. స్ఖలన సమస్యల విషయంలో మాత్రం రోగి మాటకూ వైద్యుని మాటకూ నడుమ దూరం తగ్గలేదు. చరకసంహిత వేరుచేసి చూపిన రెండు స్థితులను, యునాని పేరుపేరునా చెప్పిన లక్షణాలను, ఆధునిక వైద్యం కొలిచిన భేదాలను ‘బలహీనత’ అన్న మాట కలిపివేసింది. ఆ మాట రోగికి మర్యాద కాపాడే ముసుగు, వ్యాపారికి ఆదాయం, తొందరలో ఉన్న వైద్యునికి బలం మాత్ర రాసి పంపేందుకు సాకు.

కాబట్టి ఈ మార్పు భాషలోనూ మొదలుకావాలి. వైద్యవిద్యార్థులకు ఈ సమస్యలను తెలుగులో, దక్కనీలో ఎలా అడగాలో నేర్పడం, ఏరియా ఆసుపత్రుల్లో మధుమేహం, సంతానలేమి పరీక్షలకు వచ్చిన పురుషులను తలుపు మూసి విడిగా ప్రశ్నించడం, సుఖవ్యాధుల బోర్డుకు వేరుగా పురుషుల ఆరోగ్యానికి ఒక గది కేటాయించడం – ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు. ‘బలహీనంగా ఉంది’ అన్న పురుషుని ముందు మందుచీటీ రాయకుండా కలం పక్కన పెట్టి, ‘తొందరగా అవుతోందా, ఆలస్యమా, అసలు కావడం లేదా, ఎప్పటినుంచి?’ అని అడిగే వైద్యుడు ప్రతి తాలూకా ఆసుపత్రిలో ఒకరుంటే, గోడమీది రాతలను తుడిచే పని చట్టం ఒక్కదానిమీదే పడదు.